రెండో గేరు మలుపులో విష్ణుక్రాంత

ఆమె చేతికి సూది ఇస్తే చీమకైనా చొక్కా కుడుతుందని ఆమె భర్త అనేవాడు. ఆ మాట మీదే ఆమెకు ఉద్యోగం వచ్చింది.

అతను కాలేజీలో మొక్కల శాఖ జీపుకు డ్రైవరు. శాఖ వెనక గదిలో ఎండిన మొక్కల్ని అట్టలకు కుట్టే పెద్దావిడ చూపు మందగించి మానేసినప్పుడు, అతను నేరుగా సారు దగ్గరికి వెళ్ళాడు. "మా ఇంట్లో ఒక మనిషుంది సార్. జాకెట్లకు హుక్కులు కుడుతుంది. హుక్కు కుట్టిన చేయి మొక్కను కుట్టలేదా?" అన్నాడు. సారు నవ్వి, ఒక ఎండు గడ్డిపోచ, ఒక అట్ట ఇచ్చి పంపాడు. మర్నాడు ఆ గడ్డిపోచ ఒక్క గింజ రాలకుండా అట్ట మీద కూర్చుని తిరిగొచ్చింది. సారు అట్టను తిప్పి వెనక కూడా చూశాడు. ముడులన్నీ అక్కడ వరసగా, అణిగిపోయి ఉన్నాయి. ముందు వైపు ఎవరైనా చూస్తారు. వెనక తిప్పి చూసేవాడికే పని తెలుసు.

అది ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి. ఇప్పుడామె చిన్నా పెద్దా అందరికీ కుట్టక్క. సారు భూతద్దం సారు. మెడలో తాడుకు వేలాడే భూతద్దం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

ఆమె గది పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. రెండు పక్కలా ఇనప బీరువాలు, కిటికీ కింద బల్ల, బల్ల మీద జిగురు గిన్నె, దారం ఉండలు, సన్నగా కత్తిరించిన గుడ్డ పట్టీలు. తలుపు తీస్తే కలరా ఉండల వాసన ఎదురొస్తుంది. ఇంటికెళ్ళినా అది చీర వదలదు. "నిన్ను ఏ పురుగూ కుట్టదే" అని అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేది.

ఆ బీరువాల్లో ఆమె కుట్టిన విష్ణుక్రాంత అట్టలు నూట పదమూడు. ఎండ కాసే గరప నేలల్లో, గులకరాళ్ళ మధ్య నేలను కరుచుకుని బతికే చిన్న మొక్క అది. వేరు మొదట్లోంచి సన్నటి కాడలు జానెడు, మూరెడు చొప్పున నాలుగు వైపులకీ పాకుతాయి. దాని చుట్టాలు చాలావరకు తీగలు. కంచెలెక్కుతాయి, స్తంభాలెక్కుతాయి, పెద్ద పెద్ద పువ్వులు పూసి దారిన పోయేవాళ్ళను పిలుస్తాయి. ఇది దేన్నీ చుట్టుకోదు, దేని మీదా ఎక్కదు. పైకి చూస్తే దారప్పోగులే గానీ, కింద వేరు గట్టి కర్ర. ఎండాకాలం పైనంతా మాడిపోయినా, మేకలు కొరికేసినా ఆ కర్ర చావదు. వాన పడగానే మళ్ళీ కాడలు తోస్తుంది. ఏడాదికి పుట్టి ఏడాదికి పోయే బాపతు కాదు.

కుట్టేవాళ్ళకు ఆ వేరుతోనే తలనొప్పి. అది బొటనవేలంత లావున అట్ట మీద ఎత్తుగా కూర్చుంటుంది. దాని పక్కనుంచి పోయే కాడలు వెంట్రుకల్లా అట్టకు అంటుకుని ఉంటాయి. వేరును వదులుగా కుడితే అది కదిలి కాడల్ని తెంపుతుంది. అందుకని వేరుకు మూడు చోట్ల బిగుతు కుట్లు వేయాలి, కాడలకు గుడ్డ పట్టీలు అంటించాలి. ఆకులకు మాత్రం జిగురు తగలకూడదు. చిన్నపిల్లల వేలి గోరంత ఆకులవి, రెండు వైపులా పట్టులాంటి నూగు. ఎండినా ఆ నూగు మెరుస్తుంది. జిగురు అంటిందా, నూగు చదునైపోయి ఆకు నున్నగా కనబడుతుంది, రేపు చూసినవాడు వేరే మొక్క అనుకుంటాడు. కాయలు మిరియం కన్నా చిన్నవి. పండేసరికి తొడిమ కిందికి వంగి, కాయ నాలుగు పలకలుగా విచ్చుకుంటుంది. రాలిన గింజల్ని కాగితం పొట్లంలో వేసి అట్ట మూల అంటించాలి.

ఇక పువ్వు. కాలరు గుండీ అంత ఉంటుంది. మొదటి ఏడాదే సారు తన భూతద్దం ఇచ్చి చూపించాడు. నడుమ రెండు సన్నటి పోగులు లేస్తాయి. ఒక్కొక్కటీ మళ్ళీ రెండుగా చీలుతుంది. తీగ చుట్టాలకు పోగు ఒక్కటే. దారంతో బతికే మనిషికి అలాంటిది నచ్చకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు నుంచీ ఆమె దాన్ని మనసులో నాలుగు పోగుల పువ్వు అనుకునేది.

కానీ ఆ పువ్వు రంగు ఆమెకు తెలియదు. ఎండితే టీ మరకలా అయిపోతుంది. నూట పదమూడు అట్టలూ టీ మరకలే. పక్కన చీటీల మీద మాత్రం ఒకరు లేత నీలం అని రాశారు, ఒకరు ముదురు నీలం అన్నారు, ఒకాయన ఊదా కలిసిన నీలం అని రాసి కొట్టేసి మళ్ళీ నీలం అని రాశాడు.

రాత్రి అన్నం పెడుతూ భర్తను అడిగేది. అడవుల వెంట, గుట్టల వెంట తిరిగేది అతనే కదా.

"అసలు ఏం నీలమండీ అది?"

"వాన వెలిశాక మన జీపు బానెట్టు ఉంటుంది చూడు. అదీ."

ఇంకో రోజు, "గ్యాసు పొయ్యి సన్న మంట" అన్నాడు. మరో రోజు, "మీ తమ్ముడి పెళ్ళి చొక్కా" అన్నాడు.

"మా తమ్ముడి పెళ్ళి చొక్కా గోధుమ రంగు."

"నిజమా? అయితే ఆ రోజు మీ తమ్ముడి మొహం చూసుంటాను. పెళ్ళికూతురు వాళ్ళ నాన్నను చూసి నీలి రంగుకు తిరిగాడు పాపం."

"మిమ్మల్ని రంగులు చెప్పమన్నాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ."

"చెప్పడం నా వల్ల కాదే. ఒక పొద్దున తీసుకెళ్ళి చూపిస్తా. పదింటిలోపే చూడాలి. ఎండ ముదిరిందా, గొడుగు మడిచినట్టు మెలితిరిగి ముడుచుకుంటుంది. మర్నాడు తెరవదు. రేపటికి రేపటి పువ్వే."

ఆ ఒక పొద్దున రాలేదు. పనిరోజుల్లో తొమ్మిదింటికి ఆమె హాజరు సంతకం పెట్టాలి. ఆదివారం పొద్దున మంచం పట్టిన అత్తగారి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, ఇంత తినిపించేసరికి పదకొండయ్యేది. అత్తగారు తొమ్మిదేళ్ళు మంచం మీదే ఉంది. ఆవిడ పోయిన ఏడాదికే అతనికి గుండె ఆగింది, స్టీరింగు ముందు కూర్చుని, బండి ఇంకా స్టార్టు చేయకుండానే. అది జరిగి ఐదేళ్ళు. తర్వాత ఆదివారాలన్నీ ఆమెవే. కానీ చూపిస్తానన్న మనిషి లేకుండా వెళ్ళి చూడాలనిపించలేదు. పువ్వు అక్కడే ఉంటుందిలే అనుకుంది. నీలం ఎలా ఉంటుందో అన్న ఆలోచన మాత్రం పంటి కింద రాయిలా అప్పుడప్పుడు తగులుతూనే ఉండేది.

ఈ ఏడు వానలు పడ్డాక గదిలో పురుగు పడింది. కుట్టకుండా మిగిలిపోయిన మొక్కలు పాత పేపర్ల మడతల్లో మూల గుట్టగా ఉంటాయి. ఏళ్ళ తరబడి వెనకబడిన పని అది. పురుగు పుట్టిందే ఆ గుట్టలో.

భూతద్దం సారు వచ్చి చూసి, "శనివారంలోపు గుట్ట ఖాళీ కావాలి" అన్నాడు. "చీటీ సరిగా ఉన్నవి కుట్టెయ్. చోటూ తేదీ లేనివి తగలబెట్టించు. చోటూ తేదీ లేని మొక్కకూ గడ్డికీ తేడా లేదు."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళలో తనే ఎన్నిటిని గంపలో పారేసిందో.

బుధవారం మధ్యాహ్నం ఒక మడత విప్పింది. లోపల విష్ణుక్రాంత. ముద్దుగా అణిచారు. కాడ మీద కాడ పడలేదు. ఒక పువ్వు మొహం పైకి, ఒకటి బోర్లా. ఒక కొమ్మకు కాయలు. వేరు చిటికెన వేలంత పొడుగున, తెగకుండా. ఎవరో పని తెలిసినవాళ్ళు చేశారు అనుకుంటూ చీటీ తిప్పింది.

చీటీ బండి ట్రిప్పు కాగితం చింపిన ముక్క. అక్షరాలు కొండ దిగే బండిలా కుడి పక్కకు వాలి ఉన్నాయి. ఆ వాలు ఆమెకు తెలుసు. పాల కార్డు మీద, కరెంటు బిల్లు వెనక, ఇంట్లో ఎన్నిచోట్లో ఇంకా ఉంది.

"రెండో గేరు మలుపు దాటాక, బండికి నీళ్ళు పోసే చోట, కుడి పక్క గరప నేల. పొద్దున తొమ్మిదిన్నర. పువ్వులు తెరిచే ఉన్నాయి."

అంతే. తేదీ లేదు. అతను జన్మలో ఒక్క మొక్క పెరికి ఎరగడు. మొక్కలు సార్లవి, బండి నాది అనేవాడు. పైకొకటి బోర్లా ఒకటి అనే సంగతి, ఇంట్లో అన్నం తింటూ ఆమె చెప్పిందే. విని ఊ కొట్టి ఊరుకున్నాడనుకుంది.

పక్క బల్ల దగ్గర భూతద్దం పట్టుకున్న పరిశోధన అమ్మాయి ఆమె మొహం చూసి లేచొచ్చింది. చీటీ చదివి, "అయ్యో ఆంటీ, దీనికింత ఆలోచన ఎందుకు? పేపరు మీద తేదీ ఉందిగా, అదే వేసెయ్యండి" అంది.

"పాత పేపర్లలోనే అణుస్తాం తల్లీ. పేపరు ఏనాటిదో, మొక్క ఏనాటిదో."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

ఆ మడత పట్టుకుని సారు గదికి వెళ్ళింది. సారు చీటీ రెండుసార్లు చదివి, భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"మంచి మనిషి. మొక్క బాగా అణిచాడు. కానీ కుట్టక్కా, చోటంటే ఏంటి? రేపు ముక్కూమొహం తెలియనివాడు ఈ చీటీ పట్టుకుని అక్కడికి వెళ్ళి నిలబడగలగాలి. రెండో గేరంటే ఏ కొండ? ఏ బండికి?"

"శనివారం దాకా ఉంచండి సార్."

"నీ కోసం రూలు మార్చలేను."

"మార్చమనడం లేదు సార్. చోటు తెస్తాను."

అక్కడి నుంచి బండ్ల షెడ్డుకు నడిచింది. ఇప్పటి డ్రైవరు ఆమె భర్త దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. నలభై దాటాయి, అయినా ఆమెను చూస్తే బీడీ వెనక దాస్తాడు.

"తాగు, నేనేమైనా అంటానా?" అంది.

"మీరు అనరు వదినా. అన్నయ్య వింటాడని." చీటీ చదివి నవ్వాడు, చదివినకొద్దీ నవ్వు తగ్గింది. "పాత జీపుకు రెండో గేరు పడేది మన శాఖ క్యాంపుకెళ్ళే కొండదారిలోనే. ఇంకెక్కడా అంత ఎత్తు లేదు. అక్కడ మలుపులు మూడు. మూడిట్లో ఏదో తేల్చాలి."

"తేదీ?"

"బండి పుస్తకాలు ఉంటాయి. ఏ రోజు ఎక్కడికెళ్ళిందీ రాయకపోతే డీజిలు పోయరు."

పాత టైర్ల వెనక రేకు పెట్టెలో దొరికాయి. ఎలుకలు అంచులు కొరికాయి గానీ రాత మిగిలింది. పేపరు తేదీకి ముందువి పక్కన పెట్టి, ఆ తర్వాతవి వెతికారు. అతను పోయేదాకా కొండదారికి జీపు వెళ్ళింది పద్నాలుగుసార్లు. పదమూడుసార్లు బండిలో ఎవరో ఒక సారున్నారు. మూడో గడిలో ఆ పేర్లున్నాయి. ఒక్కసారి మాత్రం ఆ గడిలో గీత. పని అన్న గడిలో 'క్యాంపు నుంచి మొక్కలు అణిచే ప్రెస్సు చెక్కలు తేవడం' అని ఉంది.

"సార్లు ఉంటే అన్నయ్య మొక్క ముట్టుకోడు. ఇదే" అన్నాడు డ్రైవరు.

ఆమె తేదీ చూసింది. మంగళవారం. తనిఖీవాళ్ళు వచ్చే ముందు వారం.

ఆ మంగళవారం ఆమెకు గుర్తుంది. తనిఖీకని నాలుగు రోజులుగా ఏడింటికే పనిలోకి వస్తోంది. అత్తగారి దగ్గర పక్కింటావిడ కూర్చుంటోంది. కిటికీ బయట జీపు ఆగింది. అతను దిగకుండానే హారను కొట్టాడు.

"ఏమోయ్, రా! ఒక్కణ్ణే వెళ్తున్నా. పదింటిలోపు చూసేద్దువు."

"ఇక్కడ రెండొందల అట్టలున్నాయండీ! ఈసారికి మీరే చూసి రండి."

ఇంకోసారి కొట్టాడు. ఆమె సూది నోట్లో పెట్టుకుని, చేత్తోనే వెళ్ళమంది. జీపు వెళ్ళిపోయింది. సాయంత్రం అతను ఏమీ అనలేదు. ఆమె ఏమీ అడగలేదు. తనిఖీవాళ్ళు వచ్చి, టీ తాగి, ఒక్క బీరువా కూడా తెరవకుండా వెళ్ళిపోయారు.

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. మనిషిని పువ్వు దగ్గరికి తీసుకెళ్ళడం కుదరక, పువ్వునే మనిషి దగ్గరికి పంపాడు. చేతికిస్తే ముడుచుకుపోయిన ముద్దను చూసి ఏమంటుందో అని, తెరిచి ఉండగానే అణిచి గుట్టలో పెట్టాడు. గుట్టలో ఏది పెట్టినా ఎప్పటికైనా వచ్చి పడేది ఆమె బల్ల మీదే. ఆ ఎప్పటికైనా ఎంత పొడుగుంటుందో ఇద్దరికీ తెలియదు.

"వదినా, శుక్రవారం క్యాంపు ట్రిప్పుంది" అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. "ఆరింటికి బయల్దేరదాం."

సారును అడిగితే, "వెళ్ళిరా. చాకూ, ప్రెస్సూ తీసుకెళ్ళు" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆమెకు ప్రెస్సు ఇచ్చి బయటికి పంపడం అదే మొదలు.

తీరా కొండదారి ఎక్కాక కొత్త చిక్కు. కొత్త వ్యాను ఏ మలుపునైనా మూడో గేరులో నవ్వుతూ ఎక్కేస్తోంది. మొదటి మలుపు దగ్గర దిగి చూస్తే కుడి పక్క ముళ్ళ పొదలు. రెండోదాని దగ్గర సిమెంటు కాలవ. డ్రైవరు నుదురు కొట్టుకున్నాడు.

"బండి కష్టపడితే గదా చోటు తెలిసేది! దీనికి రోగమా రొప్పా? అన్నయ్య జీపైతే ఇక్కడికొచ్చేసరికి పొగలు కక్కుతూ అదే ఆగేది."

"ఎనిమిదీ నలభై" అంది ఆమె.

మూడో మలుపు దాటి వంద గజాలు పోయాక డ్రైవరు బ్రేకు తొక్కాడు. రోడ్డు పక్క బండరాయి, దాని నడుముకు తుప్పు పట్టిన తీగ. ఒకప్పుడు ఆ తీగకు డబ్బా వేలాడేది. వెనక పగులులోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. "ఇదే! ఇక్కడ డబ్బా నేనే కట్టాను వదినా, మర్చేపోయాను!"

ఆమె దిగి కుడి పక్క గరప నేల మీదికి నడిచింది. కళ్ళు చిల్లులు పడేలా వెతికింది. గోధుమరంగు కాడ కోసం, అట్ట మీద పరిచినట్టు చదునుగా ఉన్నదాని కోసం. ఇరవై అడుగులు వేసింది, వెనక్కి వచ్చింది. ఏమీ కనబడలేదు.

"వదినా, కాలు తియ్యండి."

"ఏం?"

"దాని మీదే నిలబడ్డారు."

చెప్పు పక్కన నేల నీలంగా ఉంది. చెప్పు ముందు, వెనక, నడిచొచ్చిన దారంతా నీలం చుక్కలే. నూట పదమూడుసార్లు వేళ్ళతో తడిమిన మొక్క, బతికి ఎదురొస్తే పోల్చుకోలేకపోయింది. అట్టల మీద దానికి లోతు లేదు, తడి లేదు, గాలికి వణకడం లేదు.

ఆమె గులకరాళ్ళ మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఆకుల నూగు మీద మంచు బొట్లు నిలబడి ఉన్నాయి. రేకులు విడివిడిగా లేవు, ఒకటే పల్చటి చక్రం, ఐదు చోట్ల అంచు కాస్త నొక్కినట్టు. నీలం అంచున గాఢంగా మొదలై, లోపలికి పోయేకొద్దీ పలచబడి, నడుమ తెల్లగా చల్లారుతోంది. ఆ తెలుపులో రెండు పోగులు, నాలుగు కొసలు.

బానెట్టు కాదు. పొయ్యి మంట కాదు. అన్నీ తప్పే చెప్పాడు. ఆ మాట అనడానికే ఆమె తల తిప్పింది. పక్కన ఎవరూ లేరు. డ్రైవరు దూరంగా, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు, వీపు చూపిస్తూ.

ఎండ చురుక్కుమనేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత చాకుతో ఒక మొక్క చుట్టూ తవ్వింది. వేరు కనిపించినంత సులువుగా రాలేదు, రాయిని పట్టుకుని ఉంది. ఆ మంగళవారం అతను ఎంతసేపు తవ్వాడో ఆమెకు అప్పుడు తెలిసింది. చెమట కారుతుండగా మొత్తంగా తీసి, ఒక పువ్వు పైకి, ఒకటి బోర్లా పెట్టి, పేపర్ల మధ్య బిగించింది. డ్రైవరు కిలోమీటరు రాయి నంబరు, అక్కడి నుంచి అడుగుల లెక్క, ఫోను చూపించిన అంకెలు కాగితం మీద రాశాడు. ముక్కూమొహం తెలియనివాడెవడైనా వచ్చి నిలబడొచ్చు.

శనివారం పొద్దున సారు చోటు చదివాడు, బండి పుస్తకంలో తేదీ చూశాడు. ఒప్పుకున్నాడు. అతని చీటీ అలాగే ఉంచి, పక్కన పక్కా చీటీ టైపు చేయించాడు. 'సేకరించినవారు' అన్న చోట భర్త పూర్తి పేరు పడింది. ఆ బీరువాల్లో డ్రైవరు పేరు ఎక్కడం అదే మొదటిసారి.

"పువ్వు రంగు?" అన్నాడు సారు.

"ఖాళీ ఉంచండి."

"అదేంటి? నిన్న చూసొచ్చావుగా, అదే చోట."

"నేను చూసింది నిన్నటి పువ్వులు సార్. ఈయన చూసినవి నేను చూడలేదు. ఈయన రాయలేదు."

సారు టైపు చేసే అతనికి, "ఖాళీ" అని చెప్పాడు.

ఆ అట్టను ఆమె ఆ మధ్యాహ్నమే కుట్టింది. వేరుకు మూడు కుట్లు, కాడలకు పట్టీలు, మూల పొట్లం. సారు తిప్పి వెనక చూసి, ముద్ర వేసి, బీరువాలో పెట్టాడు.

ఆమె తెచ్చిన మొక్క ఇంకా ప్రెస్సులో ఉంది. తడి పేపర్లు రోజూ మార్చాలి. ఇన్నేళ్ళూ ఆ పని క్యాంపులోనే జరిగిపోయి, ఎండినవే ఆమెకు చేరేవి. ఆదివారం సెలవైనా వచ్చి మొదటిసారి పట్టీలు విప్పింది. నీలం ఉంది, కాస్త నలిగి. సోమవారం అంచుల్లో మాత్రం మిగిలింది. మంగళవారం, ఉందనుకుని చూస్తే ఉంది. పరిశోధన అమ్మాయి వెనక నిలబడి, "వేడి ఇసుకలో పెడితే రంగు నిలుస్తుందంటారు ఆంటీ, పెడదామా?" అంది.

"వద్దులే. అన్నిట్లాగే కానీయ్."

బుధవారం మడత తెరిస్తే టీ మరక. ఇక అది ఆమెకు బాగా తెలిసిన విష్ణుక్రాంత. కిటికీ వెలుగులో చాలాసేపు పట్టుకుని చూసింది. తర్వాత బల్ల మీద కొత్త అట్ట పరిచి, సూదిలో దారం ఎక్కించుకుని, వేరు దగ్గర మొదలుపెట్టింది.